ఆఖరి ముప్పై మీటర్లు

గాలి కొట్టే మిషను ‘గుంయ్’మంటుంది కానీ తిరగదు. మోటారు పోయిందంటూ వైండింగ్ షాపుకి పరుగు. కొత్త కాయిలు కట్టించి తెస్తే నాలుగు నెలలకి మళ్ళీ అదే కథ! ఇంతకీ తప్పు మోటారుదేనా?

నందికొట్కూరుకి కరెంటేం కొత్త కాదు. ఆ చుట్టుపక్కల పుట్టే కరెంటే బోలెడంత. ఒకవైపు శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్కేంద్రం. 1982లో మొదటి యూనిట్ మొదలైన ఆ కేంద్రం మొత్తం సామర్థ్యం 770 మెగావాట్లు. ఆ జలాశయం కోసం 1981లో ఉన్న ఊరిని వదిలి వచ్చినవాళ్ళలో అప్పటి నందికొట్కూరు తాలూకా జనమూ ఉన్నారు. ఇంకోవైపు గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. ఇక నందికొట్కూరు మండలంలోనే ఉన్న మల్యాల దగ్గర హంద్రీ-నీవా పంపుహౌస్‌లోని భారీ మోటార్లు 2012 నుంచి కృష్ణా నీళ్ళని ఎత్తిపోస్తున్నాయి.

ఇంత కరెంటు మధ్యన ఉన్న ఊళ్ళో... ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉన్న రెండు హార్స్‌పవర్ల మోటారు మాత్రం తిరగనని మొండికేస్తుంది. 2022లో కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాకి మారిన ఈ పట్టణం కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే దారిలో ఉంటుంది. యాత్రికుల కార్లూ బస్సులూ, ధాన్యం లారీలూ, పొలాలకెళ్ళే ట్రాక్టర్లూ... అన్నిటికీ గాలి కావాలి. అందుకే ఇలాంటి రోడ్ల పక్క పంక్చర్ షాపులకి కొదవుండదు. ఇంటి ముందు జాగాలోనే షెడ్డు వేసుకుని టైర్ల పనో, పెయింటింగ్ పనో, మోటారు సైకిళ్ళ సర్వీసింగో చేసుకునేవాళ్ళకి ఎయిర్ కంప్రెసర్ అంటే సగం పెట్టుబడి. అది ఆగితే ఆ పూట ఆదాయం ఆగినట్టే.

“అన్నా, మోటరు గుంయ్‌మంటాంది గానీ తిరగడం ల్యా!” - ఎలక్ట్రీషియన్‌కి ఇలాంటి ఫోను వేసవి సాయంత్రాల్లోనే ఎక్కువగా వస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు ఆ మోటారు కష్టం తెలియాలి.

తిరగడానికే మొదటి తంటా

మల్యాలలాంటి చోట్ల పెద్ద మోటార్లకి మూడు ఫేజుల కరెంటు వస్తుంది. మూడూ ఒకదాని వెనక ఒకటి వంతులవారీగా లాగుతాయి కాబట్టి మోటారు తనంతట తనే తిరగడం మొదలుపెడుతుంది. నికోలా టెస్లా 1888లో పేటెంట్లు పొందిన ఇండక్షన్ మోటారు కిటుకు కూడా ఇదే, లోపల అయస్కాంత శక్తి గుండ్రంగా తిరుగుతూ ఇరుసుని తనతో లాక్కెళ్ళడం.

ఇంటికొచ్చే సింగిల్ ఫేజుకి ఆ సుఖం లేదు. దాని అయస్కాంత శక్తి గుండ్రంగా తిరగదు, ముందుకీ వెనక్కీ ఊగుతుందంతే. సైకిల్ పెడల్ సరిగ్గా నిట్టనిలువుగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా తొక్కినా సైకిల్ కదలదు కదా. కొంచెం పక్కకి జరిపితే చాలు, ఆ తర్వాత సాఫీగా సాగిపోతుంది. సింగిల్ ఫేజు మోటారులో ఆ ‘కొంచెం పక్కకి జరిపే’ పని కోసం రెండో వైండింగ్ ఒకటి, దానికి తోడుగా మోటారు మీద డబ్బాలా కనిపించే కండెన్సర్ ఒకటి ఉంటాయి. మోటారు వేగం అందుకున్నాక లోపలున్న చిన్న స్విచ్చు ఆ స్టార్టింగ్ కండెన్సర్‌ని తప్పిస్తుంది. ‘టక్’మని వినిపించే చప్పుడు దానిదే.

ఆ తొలి క్షణంలో మోటారుకి విపరీతమైన ఆకలి. రెండు హార్స్‌పవర్ల సింగిల్ ఫేజు మోటారు మామూలుగా తిరిగేటప్పుడు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటే, మొదలయ్యేటప్పుడు దానికి అయిదారు రెట్లు లాగుతుంది. అంటే ఇంచుమించు 50 ఆంపియర్లు. సెకను లోపే తిరగడం మొదలైతే ఫర్వాలేదు. మొదలవకపోతే? ఆ యాభై ఆంపియర్లూ అలాగే పారుతూ ఉంటాయి. కరెంటు అయిదింతలైతే వైండింగులో పుట్టే వేడి అయిదింతలు కాదు, ఇరవై అయిదింతలు! మోటారు కాలిపోయేది ఇక్కడే.

వైరు మింగేసే వోల్టులు

మరి ఎందుకు తిరగదు? మీటరు దగ్గర్నుంచి షెడ్డు దాకా ముప్పై మీటర్ల వైరు లాగారనుకుందాం. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి లెక్క అరవై మీటర్లు. అది లైట్లకి వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయితే, దాని నిరోధం సుమారు 0.73 ఓములు. యాభై ఆంపియర్లు పారితే ఆ వైరులోనే 36 వోల్టులు మాయం. అదే నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే పోయేది 14 వోల్టులే.

సాయంత్రం అందరిళ్ళలో కూలర్లు, ఏసీలు మొదలయ్యాక మీటరు దగ్గరే 210 వోల్టులు ఉన్నాయనుకోండి. సన్న వైరు చివర మోటారుకి అందేది 174. లావు వైరు చివర 196. తేడా పెద్దగా లేదనిపిస్తుంది కానీ మోటారు బలం వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు, దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 230 వోల్టుల దగ్గర ఉండే బలంతో పోలిస్తే 174 వోల్టుల దగ్గర మిగిలేది 57 శాతం. 196 దగ్గర 73 శాతం. అదే మోటారు, అదే కరెంటు, అదే సాయంత్రం. ఒక షెడ్డులో తిరుగుతుంది, పక్క షెడ్డులో గుంయ్‌మంటుంది. వైండింగ్ షాపువాళ్ళు ఎంత బాగా కాయిలు కట్టినా ఈ లెక్క మారదు.

అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు మోటారు విప్పడానికి ముందు మీటరు చేతిలోకి తీసుకుంటారు. మోటారు మొదలవుతున్న క్షణంలోనే దాని టెర్మినళ్ళ దగ్గర వోల్టులెన్నో చూస్తారు. ఊరికే ఉన్నప్పుడు 225 చూపించి, స్విచ్చు వేయగానే 170కి పడిపోతే దోషం దారిలో ఉన్నట్టు. వైరు సన్నదై ఉండొచ్చు, ఎక్కడో స్క్రూ వదులై ఉండొచ్చు, రెండు వైర్లు మెలేసి టేపు చుట్టిన అతుకు ఉండొచ్చు. మీటరు దగ్గరే వోల్టేజి పడిపోతుంటే అది కరెంటు ఆఫీసు చూడాల్సిన పని. 230 వోల్టుల సరఫరాలో ఆరు శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండకూడదన్నది నిబంధన. అంటే 216కి తగ్గకూడదు. తరచూ తగ్గుతుంటే 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

ఇంకో చిట్కా కూడా ఉంది. కంప్రెసర్‌ని దూరంగా పెట్టుకుని ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కరెంటు లాగేకన్నా, దాన్ని మీటరుకి దగ్గర్లో పెట్టి గాలి పైపు పొడుగు పెంచుకోవడం మేలు. పైపులో గాలి ఒత్తిడి కాస్త తగ్గినా టైరు నిండడం ఆలస్యమవుతుందంతే. వైరులో వోల్టేజి తగ్గితే మోటారే పోతుంది.

‘తుస్సు’మనకపోతే...

వైరు బాగానే ఉంది, వోల్టేజీ ఉంది. అయినా ఖాళీ ట్యాంకుతో హాయిగా మొదలయ్యే మోటారు, ట్యాంకు సగం నిండాక మొదలవడం లేదు. అప్పుడు చెవి పెట్టి వినాల్సింది మోటారు ఆగే క్షణాన్ని. ట్యాంకు నిండగానే ప్రెషర్ స్విచ్ మోటారుని ఆపేస్తుంది. ఆ వెంటనే ‘తుస్సు’మని ఓ చిన్న శబ్దం రావాలి. పంపు తలలో, పైపులో బిగిసి ఉన్న గాలిని అన్‌లోడర్ అనే చిన్న వాల్వు వదిలేస్తున్న చప్పుడు అది. అలా వదిలితేనే తర్వాతిసారి మోటారు బరువు లేకుండా మొదలవుతుంది. వదలకపోతే, మూట నెత్తిన పెట్టుకుని కూర్చున్న మనిషిని ఒక్క ఉదుటున లేవమన్నట్టే!

ఆ శబ్దం అసలే రాకపోతే అన్‌లోడర్ మూసుకుపోయినట్టు. ఒకసారి తుస్సుమని ఆగిపోకుండా అదేపనిగా వస్తూనే ఉంటే, ట్యాంకు మూతి దగ్గర గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు కారుతున్నట్టు. రెండూ చిన్న రిపేర్లే. ఇవి చూడకుండా మోటారు విప్పితే ఖర్చు మాత్రం పెద్దది.

ఎక్కడ ఏ వైరు?

ఇక వైరింగ్ వరస. మీటరు నుంచి ముందు ఆర్‌సీసీబీ, తర్వాత ఎంసీబీ, అక్కడ్నుంచి మధ్యలో అతుకుల్లేని వైరు, ఆ పైన ప్రెషర్ స్విచ్, చివర మోటారు. ప్రెషర్ స్విచ్‌లో ‘లైన్’ అని ఉన్నచోట మీటరు వైపు నుంచి వచ్చే వైర్లు, ‘మోటార్’ అని ఉన్నచోట మోటారుకి వెళ్ళే వైర్లు బిగించాలి. ఫేజు తప్పనిసరిగా ఈ స్విచ్ గుండానే వెళ్ళాలి. పొరపాటున న్యూట్రల్ మాత్రమే స్విచ్ గుండా వెళితే మోటారు ఆగుతుంది కానీ, ఆగిన మోటారులోనూ కరెంటు కాచుకుని ఉంటుంది. ఎర్తు వైరు మాత్రం ఏ స్విచ్చులోకీ వెళ్ళకుండా నేరుగా మోటారు బాడీకి, ట్యాంకుకి, ప్రెషర్ స్విచ్ పెట్టెకి చేరాలి.

పెద్ద మోటారైతే మధ్యలో స్టార్టరు ఉండాలి. అప్పుడు ప్రెషర్ స్విచ్ మోటారు కరెంటుని మోయదు, స్టార్టరు కాయిలుని మాత్రమే ఆడిస్తుంది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలేని మోటారు రేకు మీద రాసిన ఆంపియర్లకే సరిచేయాలి. ‘ఊరికే పడిపోతోంది’ అని దాన్ని పెంచేస్తే, కాపలావాణ్ణి నిద్రపుచ్చినట్టే. మూడు ఫేజుల మోటారైతే ఒక ఫేజు పోయినప్పుడు ఆపేసే ప్రివెంటర్ కూడా అవసరం.

పాత నీళ్ళ మోటారు ఇంట్లో ఉందికదాని కంప్రెసర్‌కి బిగించేవాళ్ళూ ఉంటారు. బిగించే ముందు రేకు మీద వేగం చూడాలి. కంప్రెసర్లకి ఎక్కువగా నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటార్లు వస్తాయి. నీళ్ళ మోటార్లు చాలావరకు 2880 తిరిగేవి. అదే పుల్లీతో బిగిస్తే పంపు రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. అటు పంపూ ఇటు మోటారూ రెండూ పోతాయి.

తిరిగే దిక్కు కూడా ముఖ్యమే. పంపు చక్రం మీద బాణం గుర్తు ఉంటుంది. చక్రం ఆకులు పంపు తల మీదకి గాలి విసరాలి. వెనక్కి తిరిగినా ట్యాంకు నిండుతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. చల్లదనం అందక పంపు తల కాగిపోతుంది. సింగిల్ ఫేజు మోటారులో స్టార్టింగ్ వైండింగ్ రెండు కొసల్ని అటుదిటు మారిస్తే దిక్కు మారుతుంది. మూడు ఫేజులదైతే ఏవైనా రెండు ఫేజుల్ని మార్చాలి.

ఈ పనంతా మెయిన్ ఆపాకే చేయాలని వేరే చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది కండెన్సర్ గురించి. మెయిన్ ఆపినా అందులో కరెంటు నిలవ ఉంటుంది. స్క్రూడ్రైవరుతో రెండు కొసలూ కలిపి ‘టప్’మనిపించడం కొందరికి అలవాటు. పాతకాలపు ఫిలమెంటు బల్బు హోల్డరు వైర్లని వాటికి తాకించి నిలవ దించేయడం క్షేమం.

మోటారు సరే, మనిషి?

మోటారు కాలితే డబ్బుతో పోతుంది. అదే కరెంటు కంప్రెసర్ బాడీలోకి దిగితే? ఇంటి ముందు షెడ్డు అంటే అక్కడికి వచ్చేది పనివాళ్ళే కాదు. టిఫిను డబ్బా తెచ్చే ఇల్లాలు, బడినుంచి వచ్చి సైకిల్‌కి గాలి కొట్టుకునే పిల్లలు... అందరి చెయ్యీ ఆ ట్యాంకు మీద పడుతుంది. సర్వీసింగ్ చేసే చోటైతే నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

‘ఎంసీబీ ఉందిగా’ అన్నది చాలామంది ధీమా. ఓ చిన్న లెక్క చూస్తే ఆ ధీమా ఎంతో తెలుస్తుంది. ఎర్తు గుంత ఎండిపోయి దాని నిరోధం 50 ఓములు ఉందనుకుందాం. మోటారు లోపల ఫేజు వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలింది. 230 వోల్టులని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, ఎప్పటికీ పడదు. కంప్రెసర్ బాడీ మాత్రం దాదాపు పూర్తి వోల్టేజితో అలాగే నిలబడి ఉంటుంది... ఎవరో ఒకరు ముట్టుకునేదాకా. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు.

ఆర్‌సీసీబీ ఉన్నది ఇందుకే. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వచ్చిందా లేదా అన్నదే అది చూసే లెక్క. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే చాలు, రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. పైన చెప్పిన 4.6 ఆంపియర్లు దానికి కొండంత. కాకపోతే దానిమీదున్న ‘టెస్ట్’ బటన్‌ని అప్పుడప్పుడూ నొక్కి, పడుతోందో లేదో చూసుకుంటూ ఉండాలి. ‘మాటిమాటికీ పడిపోతోంది’ అని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా వైరు కలిపేయడం, ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టడం... రెండూ ఒకలాంటి సాహసాలే. అది మాటిమాటికీ పడుతోందంటే ఎక్కడో కరెంటు కారుతోందని చెబుతున్నట్టు.

ఎర్తు సంగతికొస్తే, ఒకప్పుడు ఇంట్లో నీళ్ళ పైపుకి తీగ చుట్టి ఎర్తు అయిందనిపించేవారు. ఇనుప పైపులు పోయి ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆ తీగ గాల్లో వేలాడుతున్నట్టే. న్యూట్రల్‌నే ఎర్తుగా వాడటం ఇంకా ప్రమాదం. వీధిలో న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లో ఇనుప వస్తువులన్నిటికీ కరెంటు వచ్చేస్తుంది. రెండున్నర మీటర్లకి తక్కువ కాని జీఐ పైపు పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, వేరే ఎర్తు చేయించుకోవాలి. నల్లరేగడి నేల వానాకాలంలో తేమని బాగానే పట్టి ఉంచుతుంది. ఎండాకాలంలో మాత్రం నెర్రెలిచ్చి పైపుని వదిలేస్తుంది. మార్చి దాటాక ఎర్తు గుంతలో వారానికో బిందెడు నీళ్ళు పోయడమంటే ఇంట్లోవాళ్ళ క్షేమం చూసుకోవడమే.

కరెంటు పోయి వచ్చినప్పుడు

ఇంకో ప్రమాదం కరెంటు లేనప్పుడు పొంచి ఉంటుంది. మిషను ఆగింది. బెల్టు వదులైందేమోనని చేయి పెట్టి చూస్తుంటారు. అది ఆగింది కరెంటు పోవడం వల్ల! ప్రెషర్ స్విచ్ ఇంకా ‘ఆటో’లోనే ఉంది. కరెంటు తిరిగి రాగానే ఎవరి అనుమతీ అడక్కుండా మోటారు తిరగడం మొదలెడుతుంది. బెల్టు మధ్యలో వేళ్ళున్నాయా అని చూడదు. అందుకే ఏ కారణంతో ఆగినా ముందు స్విచ్చు ఆపి, ఆ తర్వాతే చేయి పెట్టడం అలవాటు చేసుకోవాలి. బెల్టు మీద జాలీ తీసేసి ఓ మూలన పడేయకూడదు.

ప్రెషర్ స్విచ్‌లోని పాయింట్లు కాలి అతుక్కుపోతే మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకులో ఒత్తిడి పెరిగిపోతుంది. అప్పుడు ఆదుకునేది ఒక్క సేఫ్టీ వాల్వే. వారానికోసారి దాని రింగు లాగి గాలి వదులుతోందో లేదో చూడాలి. ట్యాంకు అడుగున చేరే నీటిని రోజూ వదిలేయాలి. లేకపోతే లోపల తుప్పు పట్టి ట్యాంకే బలహీనమవుతుంది.

చివరగా బిల్లు మాట. ఇంటి మీటరు మీదే షెడ్డు నడిపితే అది విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద అనుమతి లేని వాడకం. పట్టుబడితే వర్తించే టారిఫ్‌కి రెట్టింపు లెక్కన కట్టాలి. వ్యాపారానికి వేరే కనెక్షన్ తీసుకుంటే ఆ భయం ఉండదు. పైగా లోడు ముందే చెప్పి తీసుకుంటారు కాబట్టి, మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. చేయించుకునేవాళ్ళు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ‘వైరు ఎంత లావుది వేస్తున్నావన్నా? ఆర్‌సీసీబీ పెట్టావా? ఎర్తు ఎక్కడ దించావు? మోటారు మొదలయ్యేటప్పుడు వోల్టేజి ఎంత చూపించింది?’ నాలుగింటికీ సూటిగా జవాబు చెప్పేవాళ్ళ చేతిలో మోటారే కాదు, ఇల్లూ భద్రంగా ఉంటుంది.

మల్యాల మోటార్లని కనిపెట్టుకుని ఉండటానికి ఇంజినీర్లున్నారు, రిలేలున్నాయి. షెడ్డులో చిన్న మోటారుకి ఆ కాపలా అంతా గోడకున్న అరచేతంత పెట్టెలో ఉంటుంది. శ్రీశైలంలో ఎన్ని టర్బైన్లు తిరిగినా, గని దగ్గర ఎంత ఎండ కాసినా... మీటరు దాటాక ఆ ఆఖరి ముప్పై మీటర్ల బాధ్యత మాత్రం ఇంటివాళ్ళదే.